పేరు రాసిన డబ్బు

పద్మావతి గారింట్లో నీళ్ల మోటారు ఆగిపోయి రెండు రోజులైంది. వీధి చివరి మెకానిక్ వచ్చి చూసి, వైండింగ్ మొత్తం కాలిపోయింది, నాలుగున్నర వేలవుతుందని చెప్పి వెళ్లాడు. ఆమెకు ఎందుకో మనసొప్పలేదు. మోటారు ఊడదీయించి, ఆటోలో పెట్టించుకుని, బీరంగూడ నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు వెళ్లే దారిలో ఉన్న మక్బూల్ షాపుకు తీసుకువచ్చింది.

మక్బూల్‌కు నలభై నాలుగేళ్లు. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడమే ఇరవై ఏళ్లుగా అతని పని. ఆమె తెచ్చిన మోటారు మూత విప్పి మీటరు పెట్టి చూశాడు. వైండింగ్‌కు ఏమీ కాలేదని, పోయింది కెపాసిటర్ ఒక్కటేనని చెప్పాడు. కొత్తది వేసి నూట ఎనభై రూపాయలు అడిగాడు. కాలిపోయిందని అబద్ధం చెప్పినా ఆమెకు తెలిసేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఓ పావుగంట నడిపి చూసి ఇస్తానంటే ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అప్పుడే రోజువారీ ఫైనాన్స్ అప్పు వసూలు చేసే అతను వచ్చి, బైకు దిగకుండానే చేయి చాపాడు. మక్బూల్ గల్లాపెట్టె తీసి ఐదు వందల నోటు, ఒక పసుపు కార్డు ఇచ్చాడు. అతను కార్డు మీద గీత గీసి తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

పద్మావతి ముప్పై ఒక్క ఏళ్లు పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరైంది. భర్త వెంకటేశ్వరరావుదీ అదే కర్మాగారం. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ తెనాలి నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయి ఐదేళ్లు. అలవాటు కొద్దీ ఆమె కళ్లు ఆ కార్డు మీదకు వెళ్లాయి. ఎంత తీసుకున్నావని అడిగింది.

"యాభై వేలమ్మా. రోజుకు ఐదు వందలు, వంద రోజులు కట్టాలె. వడ్డీ మొదట్నే పట్టుకొని చేతికి నలభై నాలుగు ఇచ్చిన్రు" అన్నాడు మక్బూల్. "వందకు పన్నెండు పడ్తది. గంత పెద్ద ఏం కాదు."

ఒకరి ఇంటి సంగతుల్లో వేలు పెట్టడం పద్మావతికి ఇష్టముండదు. కానీ తన డబ్బు నాలుగు వేలకు పైగా కాపాడిన మనిషి, సొంత డబ్బు ఎలా పోతోందో తెలియకుండా ఉన్నాడు. చూస్తూ లేచి వెళ్లడం ఆమె వల్ల కాలేదు. నువ్వేమీ అనుకోనంటే ఒక లెక్క చెబుతానంది. చెప్పమన్నాడు.

"ఆ నలభై నాలుగు వేలూ వంద రోజులపాటు నీ దగ్గరే ఉంటాయా?"

మక్బూల్ ఆలోచించాడు. "యాడుంటయమ్మా. తీసుకున్న తెల్లారి నుంచే కడ్త గద."

"అంటే సగం రోజులు గడిచేసరికి సగం వాళ్లకే ఇచ్చేశావు. సగటున చూస్తే నీ చేతిలో ఉన్నది ఇరవై రెండు వేలే. దానికి వంద రోజులకు ఆరు వేలు ఇస్తున్నావు. ఏడాదిలో ఇలాంటి వంద రోజులు మూడున్నరకు పైనే వస్తాయి."

తీగచుట్ట వచ్చిన అట్టముక్క మీద ఆమె అంకెలు వేసి చూపించింది. మక్బూల్ ఆ అట్ట చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూశాడు.

"ఇరవై రెండు వేలకు ఏడాదికి ఇరవై రెండు వేలా?"

"రూపాయికి రూపాయి" అంది ఆమె.

ఒక కార్డు అయిపోగానే ఇంకోటి. మూడేళ్లుగా అలాగే నడుస్తోందని అతను నెమ్మదిగా చెప్పాడు. పాత కార్డులన్నీ పెట్టెలోనే ఉన్నాయి, ఇప్పటిదానితో కలిపి లెక్కపెట్టాడు. పదకొండు. పదకొండు ఆరులు అరవై ఆరు వేలు. పని లేక కాదు, పని నిండా ఉంది. ఫ్యాక్టరీల వాళ్లు మోటారు ఇవాళ పట్టుకెళ్లి రెండు నెలలకు, నాలుగు నెలలకు పైసలిస్తారు. తీగ అమ్మే సేటు మాత్రం డబ్బు చేతిలో పెడితేనే ఇస్తాడు. మధ్యలో ఉన్న ఆ సందు పూడ్చడానికే ఈ అప్పు.

"అంటే నువ్వు ఆ ఫ్యాక్టరీలకు వడ్డీ లేకుండా అప్పిస్తున్నావు" అంది పద్మావతి. "ఆ అప్పివ్వడానికి నువ్వు వీళ్ల దగ్గర అప్పు చేస్తున్నావు."

మక్బూల్ నడుస్తున్న కార్డు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుని ఈ కార్డు రేపే కట్టేయనా అని అడిగాడు. వద్దంది ఆమె. ఈ కార్డు మీద ఆరు వేలు ముందే కోసుకున్నారు, ముందు కట్టినా ఒక్క రూపాయి తిరిగి రాదు. పోయినదాని కోసం ఇప్పుడు పరుగు పెట్టనక్కర్లేదు. ఇంకా అరవై రెండు రోజులున్నాయి, అవి మామూలుగా కట్టేసి, పన్నెండో కార్డు తీసుకోకుండా ఉండే దారి ఈలోగా వెతుక్కోమంది. మోటారు ఆటోలో పెట్టించుకుని వెళ్లిపోయింది.

మక్బూల్ ఇల్లు పటాన్‌చెరు పాత బజారు వెనక. అతని భార్య షాహజాదీ ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. కూతురు తూబా సంగారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. ఇంట్లో ఇనుప బీరువా అడుగున ఆకుపచ్చ బిస్కెట్ డబ్బా ఒకటి ఉంటుంది. దాని మూత మీద తూబా చిన్నప్పుడు రాసి అతికించిన చీటీ ఉంది, 'ఉమ్రా' అని. మక్కా వెళ్లి రావాలని షాహజాదీ తల్లి చివరిదాకా అనుకుంటూనే పోయింది. ఆమె పోయాక నలభై రోజుల సంతాపం ముగిసిన వారమే షాహజాదీ ఈ డబ్బాలో మొదటి ఐదు వందలు వేసింది. అప్పటి నుంచి ఏడేళ్లు. జాకెట్ల మీద, ఫాల్స్ మీద మిగిలింది వేస్తూ వేస్తూ లక్షా నలభై వేలు చేసింది. తూబాకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో పెట్టినప్పుడు కూడా ఆ డబ్బా తియ్యలేదు, చెవికమ్మలు తాకట్టు పెట్టింది.

ఆ రోజు మక్బూల్ అన్నం తింటూ పద్మావతి చెప్పిన లెక్కంతా భార్యకు చెప్పాడు. ఫైనాన్స్ అప్పు ఉందని షాహజాదీకి తెలుసు, పదకొండు కార్డులని తెలియదు. వడ్డీ ఇవ్వడం తమ మతంలో తప్పని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట ఇంట్లో ఎత్తేవారు కాదు. లెక్క చెప్పాడు గానీ డబ్బా డబ్బు అడగలేదు. అతను అడగడం లేదన్న సంగతి కూడా షాహజాదీకి తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. కంచం తీసి బయటకు వెళ్లిపోయింది.

మర్నాడు మిషన్ తొక్కుతుంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. పాదం ఆపి తూబాను పిలిచి ఫోనులో చూడమంది. లక్షా నలభై వేలను ఏడేళ్లతో భాగిస్తే ఏడాదికి ఇరవై వేలు. కళ్లు గుంజేలా సూదిలో దారం ఎక్కిస్తూ తను ఏడాదంతా దాచింది ఇరవై వేలు. అదే ఏడాదిలో షాపులోంచి వడ్డీ కింద పోయింది ఇరవై రెండు వేలు. ఒకే ఇల్లు. ఇటు వస్తున్నది చూసుకుని మురిసిపోయింది, అటు పోతున్నది చూడలేదు.

పది రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పదకొండో రోజు బిల్లుబుక్కులో ఉన్న పద్మావతి నంబరుకు ఫోన్ చేసి, షేర్ ఆటో ఎక్కి బీరంగూడ వెళ్లింది. ముక్కూమొహం తెలియని మనిషి తన భర్తకు లెక్కలు చెప్పి ఇంట్లో ఈ పరేషాన్ పెట్టిందన్న కోపం సగం దారి దాకా ఉంది. పద్మావతి ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఎండలో వచ్చిందని ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాత టీ పెట్టింది. షాహజాదీ డబ్బా సంగతి మొత్తం చెప్పింది. చివరికి ఒకటే అడిగింది.

"ఆ పైసలు ముట్టుకోవచ్చా అమ్మా? అవి అల్లా ఇంటికి పోనీకి పెట్టిన పైసలు."

పద్మావతి లేచింది. లోపలికి వెళ్లి ఒక పాత ఫైలు తెచ్చింది. అందులో ఒక బ్యాంకు డిపాజిట్ కాగితం నకలు. దాని మీద మూలగా నీలం సిరాతో 'శ్రావ్య ఇల్లు' అని రాసి ఉంది. శ్రావ్య ఆమె కూతురు, అమీన్‌పూర్‌లో ఉంటుంది.

"మా ఆయన రాసినది. ఎనిమిది లక్షలు. ఆరున్నర శాతం వడ్డీ వచ్చేది" అంది పద్మావతి. "ఆయన పోయాక తెలిసింది, మూడు లక్షలు బ్యాంకు అప్పు కూడా ఉందని. దానికి పద్నాలుగు శాతం. నెలనెలా నా పెన్షన్‌లోంచి కిస్తీ కట్టాను, పద్నాలుగు నెలలు. కూరగాయలు తగ్గించుకుని కట్టాను. ఆ డిపాజిట్‌లోంచి మూడు లక్షలు తీసి అప్పు పారేయొచ్చని అన్నాళ్లూ నాకు తట్టనే లేదు. ఆ అక్షరాలు చూస్తే అది నాది కాదనిపించేది."

షాహజాదీ కాగితం మీది అక్షరాలనే చూస్తోంది.

"ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరి లెక్కల్లో తప్పులు పట్టాను. నా ఇంట్లో ఇరవై వేలకు పైనే నష్టపోయాను. ఇది శ్రావ్యకు కూడా చెప్పలేదు. సిగ్గేసింది."

తర్వాత ఆమె నింపాదిగా మాట్లాడింది. డబ్బుకు పేరు రాసుకోవడంలో తప్పు లేదు, ఆ చీటీ లేకపోతే నువ్వు ఏడేళ్లు దాచేదానివే కాదంది. కాకపోతే పేరు రాసింది మనమే కాబట్టి, ఒక డబ్బా నిండుతుంటే పక్కనున్న డబ్బాకు చిల్లు పడుతోందేమో చూసుకోవలసిందీ మనమేనంది.

"ఇవ్వమని మాత్రం నేను చెప్పను. షాపంటే ఎత్తుపల్లాలుంటాయి, ఇచ్చింది తిరిగి రాకపోవచ్చు. ఎంత పోయినా తట్టుకుని నిలబడగలననుకుంటావో అంతే ఇవ్వు. ఆ అంకె నీకే తెలుస్తుంది."

ఇంటికి వచ్చిన షాహజాదీ ఆ అంకె కోసం నెలన్నర ఆలోచించింది. మసీదు పక్క వీధిలో ఉండే వాళ్ల మేనత్తను కూడా అడిగింది. ఆమె ఒకటే మాట చెప్పింది, మెడ మీద అప్పు పెట్టుకుని యాత్రకు పోవడం ఏం బాగుంటుందని. అప్పు తనది కాదు, మక్బూల్‌ది. అయినా ఆ మాట షాహజాదీ మనసులో నిలిచిపోయింది.

పసుపు కార్డు మీద ఆఖరి గీత పడిన రోజు ఆమె డబ్బా తీసి మంచం మీద పెట్టింది. నలభై నాలుగు వేలు లెక్కపెట్టి మక్బూల్ ముందు ఉంచింది. మిగతా తొంభై ఆరు వేలు డబ్బాలోనే ఉంచి మూత పెట్టింది. ఫైనాన్స్ వాళ్లు చేతికి ఎంత ఇచ్చారో తనూ అంతే ఇస్తున్నానని, రోజుకు ఐదు వందల లెక్కన ఎనభై ఎనిమిది రోజుల్లో తిరిగి కట్టాలని, వడ్డీ ఒక్క పైసా వద్దని చెప్పింది. మక్బూల్ తలూపాడు. రోజూ సాయంత్రం తెచ్చి డబ్బాలో వేస్తానన్నాడు.

"నువ్వు తెచ్చుడు వద్దు" అంది షాహజాదీ. "వాళ్లకిచ్చినట్లే ఇయ్యాలె. నేనే షాపుకొచ్చి తీస్కుంట."

మక్బూల్ నోట్ల మీద చేయి పెట్టాడు. "మూడేండ్లు బయటోళ్ల ముందర చెయ్యి చాపిన. ఇంట్ల నిన్ను అడగనీకి సిగ్గుపడ్డ" అన్నాడు. ఆ మాట కోసం తను ఎదురుచూస్తున్నట్టు అప్పుడే ఆమెకు తెలిసింది.

మర్నాటి నుంచి షాహజాదీ నాలుగు గంటలకు షాపు ముందు ఉండేది. ఐదు వందలు తీసుకుని, చిన్న నోటుబుక్కులో తేదీ వేసి, మక్బూల్ చేత సంతకం పెట్టించేది. పక్కన టీ కొట్టు నడిపే సంగయ్య మూడో రోజు చూసి, ఈ కొత్త ఫైనాన్స్ కంపెనీ ఏదో మంచిగున్నది, నాక్కూడ ఇప్పియ్యరాదే అని మక్బూల్‌ను ఆటపట్టించాడు. షాహజాదీ నవ్వు ఆపుకుని ఇద్దరికీ టీ చెప్పింది.

ఇరవై ఏడు రోజులు సాఫీగా సాగింది. ఇరవై ఎనిమిదో రోజు, పెద్ద మోటారు ఒకటి గొలుసుతో పైకెత్తుతుంటే కొక్కెం జారింది. మోటారు పక్కకు పడింది గానీ మక్బూల్ కుడిచేయి దానికీ బల్లకూ మధ్య ఇరుక్కుంది. రెండు వేళ్లు విరిగాయి. మణికట్టు దాకా కట్టు వేసి, ఆరు వారాలు ఆ చేత్తో ఏ పనీ చేయవద్దన్నారు డాక్టర్లు.

ఆసుపత్రి ఖర్చు, మందులు పోను గల్లాలో మిగిలింది నాలుగు వేలు. మూడో రోజు పాత ఫైనాన్స్ మనిషి పరామర్శకు ఇంటికి వచ్చాడు. యాభై వేలు ఇప్పుడే ఇస్తానని, కష్టకాలంలో మాకూ బాధ్యత ఉంటుందని అన్నాడు. మక్బూల్ షాహజాదీ వైపు చూశాడు. ఆమె ఆ మనిషికి దండం పెట్టి, అవసరమైతే చెప్పి పంపుతామని సాగనంపింది.

అతను వెళ్లాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ కార్డు ఇప్పుడు నడుస్తూ ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. చేయి విరిగిందంటే వాళ్లు ఆగరు. తప్పిన రోజుకు జుర్మానా వేస్తారు, సాయంత్రం ఇంటి ముందు బైకు ఆపుతారు. తన నోటుబుక్కులో ఆరు వారాలు ఖాళీగా వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. దేవుడికి షుక్ర్ చెప్పుకుని లేచి, బిల్లుబుక్కులు కిందికి తీసింది.

తూబా కూడా కూర్చుని రాసింది. బయటి నుంచి రావలసినవి లక్షా ముప్పై ఐదు వేలు. అందులో ఒక్క దుర్గాప్రసాద్ ఇవ్వలసిందే అరవై వేలు. ఆయనది మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు తయారుచేసే చిన్న షెడ్డు. నాలుగు నెలల బాకీ. మక్బూల్ ఎప్పుడు అడిగినా వచ్చే వారమనేవాడు. నేను పోయి అడుగుతానని షాహజాదీ అంటే మక్బూల్ వద్దన్నాడు. గట్టిగా అడిగితే గిరాకీ పోతుందని అతని భయం. గట్టిగా అడగను, వేరే తీరుగా అడుగుతానంది ఆమె.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య ఆ షెడ్డు వెతుక్కుంటూ వెళ్లేసరికి పదకొండైంది. వెల్డింగ్ మెరుపులకు కళ్లు చికిలించుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్లింది. దుర్గాప్రసాద్ యాభై ఏళ్ల మనిషి. మక్బూల్ చేయి సంగతి విని నిజంగానే నొచ్చుకున్నాడు. కుర్చీ చూపించాడు. తర్వాత డబ్బు మాట రాగానే చేతులు రెండూ పైకెత్తాడు.

"నాకు రావలసినవి పదకొండు లక్షలు ఆగిపోయి ఉన్నాయమ్మా. పెద్ద కంపెనీ మాకివ్వదు, మేము మీకివ్వలేం. అందరం పక్కవాడి డబ్బుతోనే నడుస్తున్నాం."

షాహజాదీ ఒడిలో పెట్టుకున్న బిల్లులు బల్ల మీద పరిచింది. తను బట్టలు కుడతానని, ముందే పైసలిచ్చేవాళ్లకు జాకెట్టుకు పది రూపాయలు తగ్గిస్తానని చెప్పింది. మొదట నష్టమనిపించేదని, తర్వాత ఆ పైసలతోనే దారం, లైనింగ్ హోల్‌సేల్‌లో తెచ్చుకుంటుంటే లాభమే కనబడిందని చెప్పింది.

"మీ బాకీ అరవై వేలు సార్. ఇయ్యాల ఎంత కడ్తరో దాని మీద వందకు ఐదు రూపాయలు తగ్గిస్త. రేపు కడ్తె తగ్గించ. మీరు ఆలోచన చేస్కోండి, నేను బయట కూసుంట."

దుర్గాప్రసాద్ ఆమెను ఇంకోసారి చూశాడు. కూర్చోమని, ఫోను తీసి లెక్క వేసుకున్నాడు. అతనికి బ్యాంకులో కావలసినప్పుడు తీసి వాడుకునే అప్పు లిమిట్ ఉంది, నెలకు వందకు రూపాయి వడ్డీ. ఇవాళ అక్కడ తీసి ఇక్కడ కడితే ఐదు నెలల వడ్డీ అంత కలిసి వస్తుంది. పైకే అనేశాడు, అప్పు తెచ్చి కట్టినా నాకే లాభంలా ఉందే అని. లిమిట్‌లో అంత మిగల్లేదు కాబట్టి నలభై వేల బాకీకి ముప్పై ఎనిమిది వేలు అప్పటికప్పుడు మక్బూల్ ఖాతాకు పంపాడు. తక్కిన ఇరవై వేలు వచ్చే వారం పూర్తిగా ఇస్తానన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

షాహజాదీ బయటకు వచ్చింది. షెడ్డు గోడ నీడలో కాసేపు నిలబడింది. పోయింది రెండు వేలు. వచ్చిన ముప్పై ఎనిమిది వేలకు ఇంకో నాలుగు నెలలు ఆగాల్సి వచ్చి, ఆ సందు పూడ్చడానికి మళ్లీ పసుపు కార్డు తీసుకుంటే ఎంత పోయేదో ఇప్పుడు ఆమెకు తెలుసు. పద్మావతికి ఫోన్ చేసి చెప్పింది. పద్మావతి, ఇది నేను నీకు నేర్పలేదమ్మా, మా ఆఫీసులో పెద్దపెద్ద వాళ్లు చేసే పని నువ్వు నీ మిషన్ దగ్గరే నేర్చుకున్నావంది.

ఆ డబ్బుతో రోజు కూలీకి ఒక వైండింగ్ మనిషిని పెట్టుకున్నారు. మక్బూల్ కట్టు కట్టిన చేయి మెడకు వేసుకుని పక్కన కూర్చుని చూపించేవాడు. షాపు నాలుగు రోజులు తప్ప మూతపడలేదు. ఆరు వారాల తర్వాత మక్బూల్ వేళ్లు వంగడం మొదలయ్యాక షాహజాదీ నోటుబుక్కు మళ్లీ తెరిచింది.

అప్పటి నుంచి మక్బూల్ ఏ మోటారుకైనా రెండు ధరలు చెప్పడం నేర్చుకున్నాడు. పట్టుకుపోయేటప్పుడే కడితే ఒక ధర, రెండు నెలలకు కడితే ఇంకో ధర. మొదటిసారి చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఒక ఫ్యాక్టరీ వాళ్లు కోపంతో వేరే షాపుకు వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. అది నష్టమే. ఇద్దరు మాత్రం వెంటనే కట్టడం మొదలుపెట్టారు. మిగతావాళ్లు ఎక్కువ ధరకే ఒప్పుకున్నారు. తీగ కొనడానికి షాపు సొంత డబ్బు కొంచెం కొంచెంగా పోగైంది.

ఎనభై ఎనిమిదో సంతకంతో అప్పు తీరింది. షాహజాదీ మాత్రం షాపుకు రావడం మానలేదు. ఐదు వందలను మూడు వందలకు తగ్గించింది. ఇదేం వసూలని మక్బూల్ అడిగితే, రోజూ ఇచ్చే అలవాటు పోతే ఆ పైసలు ఎటు పోతాయో నీకూ తెలియదు, నాకూ తెలియదంది. అతను ఎదురు చెప్పలేదు. పని తక్కువగా ఉన్న రోజుల్లో నూరే తీసుకునేది. ఏ రోజూ ఉత్త చేతులతో వెళ్లలేదు. ఆ వసూలుకు తన కుట్టు డబ్బులు తోడై, ఏడాది దాటేసరికి డబ్బాలో రెండు లక్షల ముప్పై వేలయ్యాయి. ట్రావెల్స్ వాళ్లకు కట్టి ఇద్దరి పేర్లూ రాయించారు.

బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు షాహజాదీ, మక్బూల్ కలిసి బీరంగూడ వచ్చారు. యాత్రకు పోయే ముందు తెలిసినవాళ్లందరి దగ్గరకూ వెళ్లి, అన్నమాటా విన్నమాటా మాఫ్ చేయమని అడగడం వాళ్ల రివాజు. బంధువుల ఇళ్లన్నీ తిరిగి తిరిగి చివరికి ఇక్కడికి వచ్చారు. షాహజాదీ పద్మావతి రెండు చేతులూ పట్టుకుంది.

"మొదటి దినం మీ మీద కోపంతోని వచ్చినమ్మా. ఆటోల సగం దూరం తిట్టుకుంట వచ్చిన. మాఫ్ చెయ్యాలె."

పద్మావతికి నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. తను కూడా ఒకటి చెప్పాలంది. ఆ డిపాజిట్ సంగతి మొట్టమొదట చెప్పింది నీకేనమ్మా, నువ్వు వినివెళ్లిన మర్నాడు శ్రావ్యకు కూడా ఫోన్ చేసి చెప్పానంది. శ్రావ్య నవ్వలేదట. తన భర్తా తనూ ఎవరి జీతం ఎటు పోతోందో ఏనాడూ కలిపి చూసుకోలేదని చెప్పి, ఆ ఆదివారం ఇద్దరూ కాగితాలన్నీ పట్టుకుని తల్లి దగ్గరకు వచ్చారట. ఐదేళ్లలో అంతసేపు కూతురు తన పక్కన కూర్చున్నది ఆ రోజేనంది పద్మావతి. ఎవరికి ఎవరు థాంక్స్ చెప్పాలో నాకు తెలియడం లేదంది.

మక్బూల్ తలొంచుకుని విన్నాడు. మీరు ఆ రోజు ఏమీ చెప్పకుండా మోటారు పట్టుకుని వెళ్లిపోతే ఎవరు అడిగేవారమ్మా అని మాత్రం అన్నాడు.

లేచేటప్పుడు షాహజాదీ, అక్కడ మీ కోసం ఏం దువా చేయమంటారని అడిగింది. పద్మావతి ఆలోచించింది.

"అడగడానికేమీ లేదమ్మా. నాకు చాలానే ఇచ్చాడు, తెలుసుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. సంతోషంగా ఉన్నానని చెప్పి రా."

"గంతేనా?"

"పోనీ, మోకాళ్ల సంగతి కూడా ఒకసారి చెప్పు" అంది పద్మావతి.

షాహజాదీ నవ్వుతూ చెప్పులు వేసుకుంది. మక్బూల్ బండి తీశాడు. పద్మావతి గేటు పట్టుకుని, ఆ బండి మలుపు తిరిగి ఫ్యాక్టరీ ప్రహరీ పక్కగా వెళ్లేదాకా చూసి, లోపలికి వెళ్లి శ్రావ్యకు ఫోన్ చేసింది.